తురుము, నూనె, దసరా ఖర్చు: ఆటోనగర్ మిషన్ షాపు ప్రాజెక్టు డైరీ

మార్చి ఆఖరు

కొత్తగా ఆర్డరిస్తామంటున్న కంపెనీ వాళ్లు దసరా వెళ్లాక ఆడిట్‌కి వస్తారట. ముందుగా ఒక ప్రశ్నల జాబితా పంపారు. అందులో సగం మిషన్ల గురించి, మిగతా సగం చెత్త గురించి. వాడిన నూనె ఎటు పోతోంది? పాడైన కూలెంట్ (లోహం కోసేటప్పుడు వేడెక్కకుండా పోసే నూనె కలిపిన నీళ్లు) ఎక్కడ పారబోస్తున్నారు? నూనె గుడ్డలు ఎవరికిస్తున్నారు? వీటికి కాగితాలేవి? ఓనర్ గారు ఆ జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇది నువ్వు చూసుకో" అని వెళ్లిపోయారు.

మాది విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక మాదిరి షాపు. లారీ హబ్బులు, బ్రేక్ డ్రమ్ములు, స్టీలు పిన్నులు, బుష్‌లు జాబ్ వర్క్ మీద చేస్తాం. కొన్ని సీఎన్‌సీలు, అంటే కంప్యూటరుతో నడిచే కోత మిషన్లు, కొన్ని పాత లేతులు, ఒక గ్రైండరు, మూలన పెయింటు కొట్టే చోటు. షెడ్డు వెనక పెరడు. షాపులో ఎవరికి ఏది అక్కర్లేకపోయినా అక్కడికే పోతుంది.

మొదటి పనిగా పెరట్లో ఏమున్నాయో రాసుకున్నాను. తురుము, అంటే మిషను కోసినప్పుడు రాలే లోహం, దాని కుప్పలో బీడు (పోత ఇనుము) పొడి, స్టీలు చుట్టలు, అక్కడక్కడ అల్యూమినియం, అన్నీ కలిసి తడిగా ఉన్నాయి. కింద నేల నల్లబడి, కాలు పెడితే జారుతోంది. నూనె పీపాల్లో హైడ్రాలిక్ ఆయిలూ, గేర్ ఆయిలూ, కూలెంటూ, మూత లేని పీపాలోనైతే వాన నీళ్లూ. గోనె సంచుల్లో నూనె పీల్చిన కాటన్ వేస్ట్, వాటి మధ్యన థిన్నరు గుడ్డలు. గ్రైండరు కింద నుంచి ఎత్తిన బురద ఒక రేకు డబ్బాలో. పైన టీ కప్పులు, బిర్యానీ పొట్లాలు.

తుక్కు షాపాయన నెలకోసారి వ్యాను తెస్తాడు. కుప్పంతా ఒకటే రేటు, మిక్స్ రేటు. ఆ పైన తడి తరుగు అని ఇంకొంత కోత. ఎంత కోయాలో ఆయన ఇష్టం, ఎందుకంటే కుప్పలో ఎంత నూనె ఉందో మాకూ తెలీదు. ఆయన్ని అని లాభం లేదు. మనం కలిపి ఇస్తే ఆయన కలిపే కొంటాడు.

ఈ డైరీలో నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇదే: పెరట్లో ఏరడం కాకుండా, మిషను దగ్గరే కలవకుండా ఆపగలమా?

ఏప్రిల్ మొదట్లో

కాగితాలు తిరగేశాను. మాకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్ఓ, అంటే షాపు నడుపుకోవడానికి అనుమతి, ఉంది, దానిలోనే ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్ కూడా ఉంది. ఫైల్లో భద్రంగా ఉంది, ఎవరూ చదివినట్టు లేదు. దీనంతటికీ మూలం 2016లో కేంద్రం తెచ్చిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనలు. మా పెరట్లో ఉన్నవాటికి అందులో నంబర్లున్నాయి: వాడిన నూనె 5.1, నూనె కలిసిన బురద వగైరా 5.2, రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు 33.1, నూనె గుడ్డలు 33.2. ఏది ఎంత పుట్టింది, ఎంత బయటికి పోయింది అన్నది ఫారం 3లో రాసుకోవాలి. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు పుట్టే చిన్న యూనిట్లకు మండలి ఆ గడువును 180 రోజుల దాకా పెంచవచ్చు.

పెరట్లో అడుగున ఉన్న పీపాల వయసు ఎంతో షాపులో ఎవరూ చెప్పలేకపోయారు. పీపా మీద పేరు, తేదీ రాయడంతో మొదలుపెట్టాం. లేబుల్ ఎలా ఉండాలో ఫారం 8 చెబుతుంది: పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, హిందీలో, ఇంగ్లీషులో, స్థానిక భాషలో, తడిసినా చెరగనిది. గవర్నర్‌పేటలో స్టిక్కర్లు కొట్టించి తెచ్చాను. అతికిస్తే నూనె జిడ్డుకి రెండో రోజుకే ఊడిపోయాయి. ఇప్పుడు రేకు ముక్కల మీద పెయింటుతో రాయించి తీగతో కట్టాం. ఇది నిలిచింది.

ఏప్రిల్, ఎండలు ముదిరాక

తురుము పని పట్టాం. ఎక్కువ బరువు దానిదే, డబ్బూ దానిదే.

మా హెడ్ మేస్త్రీ మొదటి రోజే తేల్చేశాడు. "బాబూ, మిషను దగ్గర మూడు తొట్లు పెడితే ఆపరేటరు కాలు పెట్టుకునే చోటుండదు. పైగా జాబు మారినప్పుడల్లా తొట్టి మార్చడం ఎవడికి గుర్తుంటది?" నిజమే. అందుకని తొట్లు మార్చడం మానేసి జాబులనే, అంటే మిషన్లకిచ్చే పనులనే, సర్దాం. బీడు పనంతా, అంటే డ్రమ్ములు, హబ్బులు, గోడవారనున్న మిషన్ల మీదికి. స్టీలు పనంతా మధ్య వరసకి. అల్యూమినియం ఒకే ఒక్క లేతు మీద. అలా పెడితే ఏ మిషను కింద పడ్డది ఆ రకమే. ఎవరూ ఏరక్కర్లేదు. ప్లానింగ్ చూసే అబ్బాయి వారం పాటు గొణిగాడు, తర్వాత సర్దుకున్నాడు. సెటింగ్ టైము (కొత్త జాబుకి మిషను సర్దుకునే టైము) కూడా కొంచెం తగ్గిందని ఇప్పుడు వాడే చెబుతున్నాడు.

బీడు సంగతి ఇంకో మాట చెప్పుకోవాలి. పోత ఇనుములో గ్రాఫైట్ ఉంటుంది. కోసేటప్పుడు అదే కొంత కందెనగా పనిచేస్తుంది కాబట్టి చాలా పనులకు కూలెంట్ అక్కర్లేదు. మా దగ్గర అలవాటుగా డ్రమ్ముల మీద కూడా కూలెంట్ వదిలేవాళ్లు. ఆపి చూశాం. టూలు ఆయుష్షులో పెద్ద తేడా రాలేదు, బీడు పొడి తడి లేకుండా వస్తోంది. కానీ నల్ల దుమ్ము లేచింది, సాయంత్రానికి ఆపరేటర్ల ముక్కులు నల్లగా అయ్యాయి. చెత్త తగ్గించామని చెప్పి దాన్ని మనిషి ఊపిరితిత్తుల్లోకి పంపితే అదేం పని? చిప్స్ పడేచోట సక్షన్ గొట్టం బిగించి, దుమ్ము సంచీ పెట్టించాక గానీ పొడి కోత కొనసాగించలేదు. మాస్కులు ఇచ్చాం. ఎండల్లో ఎవరు పెట్టుకుంటారు, గడ్డానికి వేలాడుతున్నాయి.

స్టీలుది వేరే తలనొప్పి. పిన్నులు తిప్పేటప్పుడు చుట్టలు చుట్టలుగా, మూర పొడుగున వస్తుంది. ఆ చుట్టల్లో కూలెంట్ ఇరుక్కుంటుంది, తొట్టి నిండినట్టు కనపడుతుంది గానీ బరువుండదు. ఇన్సర్టు (టూలు చివర కోసే ముక్క) మార్చి చిప్ బ్రేకర్ (చుట్టని తెంపే గాడి) ఉన్నది పెట్టాం, ఫీడ్ (టూలు ముందుకి జరిగే వేగం) కొంచెం పెంచాం. ఇప్పుడు చిన్న చిన్న కామాల్లాగా తెగి పడుతోంది. అదే తొట్టిలో ఎంతో ఎక్కువ పడుతోంది, నూనె కిందికి జారుతోంది.

ఆ జారినదాన్ని పట్టడానికి ఒక బల్ల చేసుకున్నాం. యాంగిల్ ఫ్రేము, పైన చిల్లుల రేకు, కింద వాలుగా ఇంకో రేకు, చివర పైపు, పైపు కింద డబ్బా. మన వెల్డరే మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి సాయంత్రానికి కట్టేశాడు. తొట్టిలోని తురుము రాత్రి దాని మీద పోసి వదిలేస్తే పొద్దునకి డబ్బాలో కూలెంట్. మొదటి రోజు అందరూ చుట్టూ చేరి చూశారు. "ఇన్నాళ్లూ ఇదంతా తుక్కు షాపాయన వ్యాన్లో ఎక్కిస్తున్నామా?" అన్నాడు మేస్త్రీ. డబ్బాలోది సన్నటి గుడ్డలో వడగట్టి మళ్లీ ట్యాంకులో పోస్తున్నాం.

మే

తుక్కు షాపాయన వచ్చాడు. మూడు కుప్పలు చూసి మొహం మాడ్చుకున్నాడు. మిక్స్ రేటే ఇస్తానన్నాడు. ఓనర్ గారు ఇంకో ఇద్దరికి ఫోన్ చేసేసరికి బీడుకి వేరు, స్టీలుకి వేరు, అల్యూమినియంకి వేరు రేట్లు వచ్చాయి. తడి తరుగు మాట ఎత్తితే తొట్లో చెయ్యి పెట్టి చూసుకోమన్నాం. కాటా బయట వేబ్రిడ్జి మీదే అని కూడా చెప్పాం. బిల్లు తప్పనిసరి. ఇనుప తుక్కు మీద 18 శాతం జీఎస్టీ ఉంది, 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్టరైన వ్యాపారుల మధ్య లోహపు తుక్కు పెద్ద మొత్తంలో చేతులు మారితే కొన్నవాళ్లు 2 శాతం టీడీఎస్ కోయాలి. బిల్లు లేకుండా తీసుకెళ్తానన్నవాడు రేటు ఎక్కువ చెప్పినా మనకి అక్కర్లేదని ఓనర్ గారు ఈసారి గట్టిగానే అన్నారు. ఆడిట్ భయం కొంత పని చేసింది.

ఇక కూలెంట్. సెలవు మర్నాడు షట్టర్ ఎత్తితే కుళ్లిన గుడ్ల కంపు. షాపులో అందరూ అది మామూలే అనుకుంటారు. మిషను జారే పట్టాలకి పెట్టే స్లైడ్‌వే ఆయిల్ కారి కూలెంట్ మీద తెట్టు కడుతుంది. మిషను ఆగినప్పుడు ఆ తెట్టు గాలి ఆడనివ్వదు. కింద గాలి అక్కర్లేని బాక్టీరియా పెరిగి ఆ కంపు పుట్టిస్తుంది. పీహెచ్ పడిపోతుంది, జాబులకు తుప్పు పడుతుంది, ఆపరేటర్ల చేతులకి దురదలు. అప్పుడు ట్యాంకంతా పారబోసి కొత్తది పోసుకుంటారు. అంటే మనం పారబోసేది కూలెంట్ అరిగిపోయి కాదు, తెట్టు తియ్యక.

తెట్టుని బెల్టుకి అంటించుకుని తీసే బెల్ట్ స్కిమ్మర్ ఒకటి కొన్నాం, చక్రాల బండి మీద పెట్టి మిషను తర్వాత మిషనుకి తిప్పుతున్నాం. తెట్టు నూనె విడి పీపాలోకి పోతోంది. సెలవు రోజున కూడా ట్యాంకులో గాలి బుడగలు తోలే చిన్న పంపు పెట్టాం, చేపల తొట్టికి పెట్టేదే.

రెండోది నీళ్లు. మేం బోరు నీళ్లు పోసేవాళ్లం. ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పదనం, గట్టిదనం ఎక్కువ. ట్యాంకులో నీరు ఆవిరవుతుంది గానీ లవణాలు ఆవిరవవు. బోరు నీళ్లే మళ్లీ మళ్లీ కలిపితే లవణాలు పేరుకుపోయి నూనె విరిగి పైకి తేలుతుంది. ఎండాకాలం మరీ ఎక్కువ. ఇప్పుడు ఆర్ఓ నీళ్లు కలుపుతున్నాం. కలిపే పద్ధతి కూడా గోడ మీద రాశాం: నీళ్లలో నూనె పొయ్యాలి, నూనెలో నీళ్లు పొయ్యకూడదు. కూలెంట్‌లో నూనె ఎంత శాతం ఉందో చూసే చేతి రిఫ్రాక్టోమీటరు ఒకటి తెచ్చాం. చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే గీత ఎక్కడ తెగిందో కనపడుతుంది. ఆ అంకెని కూలెంట్ డబ్బా మీద రాసి ఉన్న ఫ్యాక్టరు అంకెతో గుణించాలి. మా పనికి 5 నుంచి 8 శాతం మధ్య ఉంటే చాలు. ఒక కుర్రాడికి ఇది తెగ నచ్చింది, పొద్దున్నే అన్ని ట్యాంకులూ చూసి బోర్డు మీద రాస్తున్నాడు. రాయమని వాడికెవరూ చెప్పలేదు.

మే నెలలో భయపెట్టిన సంగతి ఒకటుంది. పెరట్లో పాత బీడు పొడి కుప్పని పారతో కదిలిస్తే లోపల నుంచి వేడి ఆవిరి కొట్టింది. పైన మామూలుగానే ఉంది, జానెడు లోతున చెయ్యి పెట్టలేం. సన్నటి ఇనుప పొడి తేమతో కలిసి తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. పెద్ద కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోయే దారి లేదు, నూనె కూడా ఉంటే నిప్పంటుకునే దాకా పోతుంది. ఆ పక్కనే థిన్నరు గుడ్డల సంచులు. కుప్పని వెంటనే నేల మీద పలచగా పరిపించాం. ఆ సాయంత్రమే గుడ్డలకు మూత ఉన్న ఇనుప డబ్బాలు పెట్టించాను. పెయింటు గుడ్డలు ఒకటి, నూనె గుడ్డలు ఒకటి. ఆరే స్వభావమున్న పెయింటు నూనెలు పీల్చిన గుడ్డలు ఉండలు చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బెజవాడ ఎండలో ఇక చెప్పేదేముంది.

కాటన్ వేస్ట్ బదులు ఉతికి వాడుకునే టవల్స్ తెద్దామని ఒక ఆలోచన వచ్చింది. ఉతికే చోట ఆ నూనె ఏ కాలవలో పడుతుందో అడిగితే జవాబు రాలేదు. మానేశాం. మన చెత్త పక్క వీధికి మార్చడం అవుతుంది.

జూన్

కాగితాల నెల. గడిచిన ఆర్థిక సంవత్సరం లెక్క ఫారం 4లో జూన్ 30 లోపు మండలికి పంపాలి. పాత రిజిస్టరు సరిగా లేదు కాబట్టి నూనె కొన్న బిల్లులు, అమ్మిన చీటీలు ముందేసుకుని కూర్చున్నాం. ఎక్కౌంటెంటు గారు లేకపోతే అయ్యేది కాదు.

వాడిన నూనె కోసం రాత్రిపూట క్యాన్లతో ఒకాయన వస్తాడు. చేతిలో డబ్బు పెడతాడు, కాగితం అడగడు, ఇవ్వడు. ఎటు పోతోందంటే నవ్వుతాడు. బట్టీల్లో కాలుస్తారో, మళ్లీ కొత్త డబ్బాలోకే ఎక్కుతుందో. ఈ నెల నుంచి ఆయనకి లేదన్నాం. ఆథరైజేషన్ ఉన్న రీ-రిఫైనరుకే, అంటే వాడిన నూనెని మళ్లీ శుద్ధి చేసేవాళ్లకే, ఇస్తున్నాం. రేటు కొంచెం తక్కువే. కానీ నీళ్లు కలవని పీపాకి కలిసిన పీపా కంటే బాగా ఇచ్చారు.

సరుకు కదిలేటప్పుడు ఫారం 10 మానిఫెస్టు, అంటే సరుకు వెంట వెళ్లే చీటీ, ఏడు ప్రతులు, ఏడు రంగులు. తెల్లది మనం మండలికి పంపాలి. పసుపుది లారీ వాళ్ల సంతకంతో మన దగ్గర ఉంటుంది. గులాబీది సరుకు దించుకున్నవాళ్లది, నారింజది లారీ వాళ్లది, ఆకుపచ్చది దించుకున్నవాళ్లు మండలికి పంపేది. నీలం రంగుది దించుకున్నవాళ్ల సంతకంతో తిరిగి మన దగ్గరికి రావాలి. బూడిద రంగుది సరుకు వేరే రాష్ట్రం నుంచి వచ్చినప్పుడే. వీటన్నిట్లో నా కళ్లు నీలం కాగితం మీదే. అది తిరిగొస్తేనే సరుకు చేరినట్టు. మొదటి నీలం కాగితం వచ్చినప్పుడు దాన్ని ఫైల్లో పెట్టేముందు ఫోటో తీసి ఓనర్ గారికి పంపాను.

గుడ్డలు, బురద విషయంలో అంత సులువు కాలేదు. ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే, కాల్చే కేంద్రం పరవాడలో ఉంది. అంటే విశాఖ దగ్గర, మూడు వందల కిలోమీటర్లు దాటి. మా దగ్గర పోగయ్యేది మొత్తం కలిపినా లారీ అడుగు నిండదు. కిరాయి సరుకు కంటే ఎక్కువ. పక్క వీధిలో గేర్ బాక్సులు విప్పే షాపు, ఇంకో రెండు మిషన్ షాపులు, ఒక పెయింటింగ్ షెడ్డు వాళ్లతో మాట్లాడాం. లారీ ఒకటే, కిరాయి పంచుకుంటాం. కానీ సరుకు ఎవరిది వాళ్ల పీపాల్లోనే, ఎవరి మానిఫెస్టు వాళ్లదే, ఆథరైజేషన్ లేనివాళ్లు ముందు అది తెచ్చుకోవాలి. ఈ ముక్క అనగానే ఇద్దరు వెనక్కి తగ్గారు. తర్వాత ఒకాయన ఫోన్ చేసి "ఆ ఫారం ఎట్లా నింపాలో మా వాడికి చెప్తావా తమ్ముడూ" అన్నాడు.

జూలై

వానలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పటి నుంచీ ఊళ్లో నీళ్ల మాటంటే అందరికీ టెన్షనే. మా పీపాలు నేల మీదున్నాయి. నీళ్లొస్తే తేలి పడిపోతాయి, ఆ నూనె ఎవరింట్లోకి పోతుందో తెలీదు. అందుకని పీపాల చోటుకి ఎత్తుగా దిమ్మె కట్టించాం, చుట్టూ చిన్న గట్టు, పైన రేకు. అక్కడుండే పీపాల్లో పెద్దది పగిలినా అందులోది మొత్తం గట్టు లోపలే ఆగేట్టు, కొంచెం ఎగస్ట్రాగా లెక్క చూసుకున్నాం. మావి 210 లీటర్ల పీపాలు. గట్టు లోపలి నీళ్లు పోయే పైపుకి వాల్వు పెట్టి తాళం వేశాం. తాళం లేకపోతే వాన రాగానే ఎవరో ఒకరు తిప్పేస్తారు, మంచి ఉద్దేశంతోనే.

ఆగస్టు

ఇక అసలు చిక్కు. ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. చిల్లర తుక్కు డబ్బు, అంటే అల్యూమినియం ముక్కలు, రాగి, ఇత్తడి బుష్‌లు, ఖాళీ డబ్బాలు అమ్మగా వచ్చేది, ఓనర్ గారి దాకా వచ్చేది కాదు. అది కుర్రాళ్ల దసరా ఖర్చు. ఆయుధ పూజ నాడు మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ, నిమ్మకాయలు, గుమ్మడికాయ, అందరికీ భోజనాలు, అదంతా ఆ డబ్బే. ఇప్పుడు ప్రతిదీ కాటా మీదికి, రిజిస్టర్లోకి వచ్చేసింది. ఎవరూ నోరు తెరిచి అనలేదు. అల్యూమినియం తొట్టి మాత్రం తేలికవుతూ వచ్చింది.

మేస్త్రీని టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లి అడిగితే అప్పుడు చెప్పాడు. "దొంగతనం అనొద్దు బాబూ. పెద్దాయన టైము నుంచీ ఉన్నదే. నువ్వొచ్చి రాసేసరికి మావాళ్లకి పండగ పోయింది."

ఓనర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మిక్స్ రేటుకి, విడి రేటుకి మధ్య వచ్చే తేడాలో ఒక వాటా దసరా పేరున కుర్రాళ్లకే, నెలనెలా బోర్డు మీద రాసి మరీ అన్నారు. నేను దీన్ని బోనస్ స్కీమ్ అని కాగితం మీద పెట్టబోతే వద్దన్నారు. "దసరా ఖర్చు అనే రాయి, వాళ్లకి అర్థమవుద్ది." అప్పటి నుంచి ఎవరైనా స్టీలు తొట్టిలో బీడు ముక్క వేస్తే నేను చూడక్కర్లేదు, పక్క మిషను వాడే కేకేస్తున్నాడు. నేను పెట్టిన బోర్డులు, లేబుళ్లు, మీటింగులు అన్నీ కలిసి చేసినదాని కంటే ఇది ఎక్కువ చేసింది. కొంచెం ఉడుకుమోత్తనం ఉంది నాకు, దాచను.

సెప్టెంబరు

కూలెంట్ పారబోయడం చాలా తగ్గింది, సున్నా కాలేదు. పాడైనదాన్ని పటిక వేసి విరిచి చూస్తున్నాం. గాజు జాడీల్లో మోతాదు మార్చి మార్చి పెడితే, ఒక జాడీలో నూనె పైకి తేలి, మడ్డి కిందికి దిగి, మధ్యలో నీరు తేటపడుతుంది. ఆ నీరు చూడ్డానికి బాగుంటుంది, కాలవలో వదలడానికి మాత్రం పనికిరాదు. కరిగిన రసాయనాలు అందులోనే ఉంటాయి. దాన్ని శుద్ధి చేసే ప్లాంటు మా అంత షాపుకి తగని ఖర్చు. నలుగురూ కలిసి పెట్టుకుంటేనే అవుతుంది. ప్రస్తుతానికి పీపాల్లో నిల్వ.

గ్రైండింగ్ బురద కథ ఇంకా తేలలేదు. దాన్లో ఇనుము, రాయి పొడి, నూనె మూడూ ఉన్నాయి. తుక్కు వాళ్లు తీసుకోరు. జగ్గయ్యపేట, పల్నాడు వైపు ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. కొలిమిలో సరుకు 1450 డిగ్రీల దాకా కాలుతుంది, నూనె మండిపోతుంది, మిగిలిన ఇనుము, బూడిద క్లింకరులో (సిమెంటుగా పొడి చేసే కాలిన ఉండల్లో) కలిసిపోతాయి. సిమెంటుకి ఇనుము ఎలాగూ కావాలి. వాళ్లకి సరుకు సిద్ధం చేసి పంపే ఒక సంస్థతో మాట్లాడాం. తేమ ఎంత, క్లోరిన్ ఎంత, బరువైన లోహాలు ఎంత అని అడిగారు. క్లోరిన్ ఎక్కువుంటే కొలిమి గోడలకి గడ్డలు కడుతుందట. మేం వాడే కటింగ్ ఆయిల్స్‌లో ఒకదానిలో క్లోరిన్ ఉంది, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసుంది. అది కొనడం ఆపి క్లోరిన్ లేని రకం తెప్పించాం. ధర ఎక్కువని స్టోర్స్ వాళ్లు ఇప్పటికే రెండు మెయిళ్లు పెట్టారు.

పాత బురద, కొత్త బురద విడివిడి డబ్బాల్లో ఉన్నాయి. రెండింటి శాంపిళ్లూ ల్యాబుకి వెళ్లాయి. పెయింటు మూల జోలికి ఇంకా పోలేదు, అది దసరా తర్వాత.